మోసాల మగ్గం

సంబంధం చెడగొట్టడానికి ఎవరికైనా గిట్టనివాళ్లు కావాలి. నాకు ఆ కొరత లేదు. నా పెళ్లికి నేనే అడ్డుపడ్డాను, అదీ రోజూ పేపర్లో, నా పేరు వేసుకుని మరీ!

అప్పట్లో నేను చిలకలూరిపేటలో విలేకరిని. మాది మిరప పండించే ఇల్లు. మగ్గాన్ని దగ్గరగా చూసిన పాపాన పోలేదు. అయినా నా కలం మగ్గం దిగేది కాదు. చిట్టీల మోసం జరిగితే ‘మోసాల మగ్గం’ అని శీర్షిక. స్థలం కబ్జా అయితే నాయకులూ దళారులూ ‘పడుగూ పేకల్లా’ కలిసిపోయేవారు. ఎవడు అబద్ధమాడినా నా వార్తలో దాన్ని నేయాల్సిందే. డెస్క్‌లో వార్తలు దిద్దేవాళ్లు భేష్ అంటుంటే ఉబ్బిపోయేవాణ్ణి.

ఆ డెస్క్‌లోనే పనిచేసే భారతి, నేను పెళ్లి చేసుకోవాలనుకున్నాం. వాళ్లది చీరాలలో చేనేత కుటుంబం. “నాన్న ఒప్పుకుంటేనే,” అని తేల్చి చెప్పింది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరాను.

వాళ్ల వీధి పొడవునా పడుగు దారాలు సాగదీసి గంజి పెడుతున్నారు. అరుగు మీద ఒకాయన పేపర్ గట్టిగా చదువుతున్నాడు, చేతులు ఖాళీ లేనివాళ్లంతా వింటున్నారు. రోజూ ఇంతేనట. అంటే ఆ వీధి మొత్తం రోజూ నన్ను వింటోందన్నమాట! నా ఆనందం చూడాలి మీరు.

భారతి వాళ్ల నాన్నగారు కాఫీ ఇప్పించి అడిగారు. “ఆ మోసాల మగ్గం రాసింది మీరేనా?”

“నేనేనండి!” మెచ్చుకుంటున్నారనుకున్నాను.

“దొంగా నేస్తాడు, లంచాలు తినేవాడూ నేస్తాడు. మీ పేపర్లో అందరూ నేస్తారు. చీర ఒక్కటీ ఎవరూ నేయరేంటండీ?”

“అది... అలంకారం అండి.”

“అలంకరించడానికి మేమే దొరికామా?”

గంజి పెడుతున్న ఒకావిడ బయటినుంచే అరిచింది. “ఆ అబ్బాయిని మన మగ్గం మీద కూర్చోబెట్టు బాబాయ్! ఎన్ని మోసాలు నేస్తాడో చూద్దాం!”

వీధంతా ఒకటే నవ్వు. సిగ్గుతో చచ్చిపోయాను.

“కొన్నాళ్లు మా జోలికి రాకుండా రాయండి. అప్పుడు పెళ్లి సంగతి మాట్లాడుకుందాం,” అన్నారాయన.

రాశాను. చప్పగా రాశాను. ఇంతలో పొదుపు డబ్బుతో ఒకడు ఉడాయించిన పెద్ద వార్త తగిలింది. చేతులు ఊరుకుంటాయా? మగ్గం కూడదు కాబట్టి ఇంట్లో ఉన్నదే తీశాను. ‘జనం కళ్లలో కారం!’ అని శీర్షిక. లోపల ‘తాలు మిరపకాయల్లాంటి అధికారులు’, ‘కల్లంలో ఎండిపోతున్న న్యాయం’. నా అంతటివాడు లేడనుకున్నాను.

తెల్లారేసరికి చీరాలనుంచి ఫోన్. “బాగా రాశారండీ! మా వీధంతా మెచ్చుకుంది. ముహూర్తం పెట్టించమంటారా?”

హమ్మయ్య అనుకునేలోపు మా నాన్న ఫోన్.

“ఒరేయ్! ఎవడో దొంగవెధవ జనాన్ని ముంచితే, మధ్యలో మన మిరపకాయలు ఏం చేశాయిరా?”

“అది అలంకారం, నాన్నా...”

“నీ అలంకారం తగలెయ్య! మిర్చియార్డులో అందరూ అది చదివి నా మొహం చూస్తున్నారు. ఆ చీరాల పెద్దాయనకు చెప్పు, పెళ్లికి మగపెళ్లివారు రావట్లేదని!”

ఆడపెళ్లివారు ఒప్పుకున్నాక మగపెళ్లివారు అలిగిన పెళ్లి మా జిల్లాలో నాదొక్కటే అయ్యుంటుంది. చివరికి భారతి వాళ్ల నాన్నగారే మా ఊరొచ్చి, “బావగారూ, వీడి రాతలతో మొన్న నేను మాట పడ్డాను, ఇవాళ మీరు పడ్డారు. ఇద్దరం కలిసి వీణ్ణి ఓ కంట కనిపెడదాం,” అని మా నాన్న చెయ్యి పట్టుకున్నారు. నన్ను తిట్టుకుంటూ ఇద్దరూ ఒకే కంచం ఒకే మంచం అయిపోయారు.

ఇక పత్తి మీద పడదామా అంటే, భారతి మేనమామకు జిన్నింగ్ మిల్లు ఉంది. అందుకే పెళ్లిపీటల మీద, తాళి కట్టకముందే, వియ్యంకులిద్దరి ఎదుట చెయ్యెత్తి ఒట్టేశాను: “దొంగ దొంగతనం చేశాడు. పోలీసులు పట్టుకున్నారు. చచ్చేదాకా ఇంతకు మించి ఒక్క ముక్క రాయను!”