బాపులో దీర్ఘం

ఆ రోజుల్లో నాకు చేతకాని పని అంటూ లేదని గట్టి నమ్మకం ఉండేది. ఇరవై రెండేళ్ల వయసులో అదొక జబ్బు, దానికి మందు లేదు. ఖానాపూర్‌లో పొలం పనికి నేను అక్కరకు రానని మా నాన్న, అదే మా బాపు, తేల్చేశాక (మడి దున్నమంటే గట్టు దున్నినవాణ్ణి, ఆయన తప్పేం లేదు) కరీంనగర్ వచ్చి, బైపాస్ రోడ్డు మీద కార్లకు మిషన్‌తో పాలిష్ పెట్టే రేకుల షెడ్డులో చేరాను. మూడు నెలల్లో ఎన్నో కార్లను అద్దంలా మెరిపించాను. చిక్కల్లా ఏమిటంటే ఆ మెరుపు షెడ్డు నీడలోనే. బండి ఎండలోకి రాగానే బానెట్ నిండా సాలెగూడులా సన్నటి గుండ్రటి గీతలు తేలేవి. ఉన్న నాలుగు గీతలు పోగొట్టమని ఇస్తే నేను కొత్తవి నాలుగు వందలు గీసి ఇచ్చేవాణ్ణన్నమాట. రోడ్డెక్కాక అది చూసుకున్న యజమానులు అక్కణ్ణుంచే వెనక్కి తిప్పేవారు. వాళ్ల హారన్ వినబడితే చాలు, నేను నీళ్ల ట్యాంకు వెనక్కి పోయేవాణ్ణి.

షెడ్డు యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. మనసు మంచిది, నోరు మాత్రం కాదు. “అరే, ఇస్త్రీ జేస్తున్నవా, పాలిష్ వెడ్తున్నవా? గంత గట్టిగ ఒత్తుతరా? మిషన్ పని మిషన్ను జేసుకోనియ్ రా!” అని రోజుకు పదిసార్లు అరిచేవాడు. నాకేమో ఎంత గట్టిగా ఒత్తి, ఎంత వేగంగా తిప్పి, ఎంత పేస్టు పూస్తే అంత బాగా గీతలు పోతాయని లెక్క. ఆ లెక్కతోనే ఒకరోజు ఒక తెల్లకారు తలుపు అంచు మీద రంగు మొత్తం అరగదీసి, లోపలి రేకును లోకానికి చూపించాను. ఉస్తాద్ ఆ రోజు తిట్టలేదు. నేల మీద చతికిలబడి, “యా అల్లా, గీన్ని నాకే ఎందుకు దొరికిచ్చినవ్?” అని పైకి చూశాడు. ఆ తర్వాత చాలా నెమ్మదిగా అన్నాడు: “ఇంకొక్క బండి ఖరాబైతే నువ్వు ఖానాపూర్ బస్సెక్కుడే. ఫికర్ జెయ్యకు, బస్టాండుదాక నేనే దింపుత.” మళ్లీ బాపు ముందు నిలబడటం తలచుకుంటేనే నాకు అన్నం దిగలేదు.

సరిగ్గా అప్పుడే దుబాయ్ సారు వచ్చాడు. ఏళ్ల తరబడి అక్కడ డ్రైవరుగా చేసి వచ్చిన మనిషి, చర్చి పక్కనే ఇల్లు. ముదురు నీలం రంగు పాత కారు. “సోమవారం మా బిడ్డ ఆదిలాబాద్ దవఖానల నర్సు నౌకరిల చేరుతుంది. నేనే దింపాలె. బండి తళతళ మెరువాలె,” అని ఉస్తాద్‌తో చెప్పి నా దగ్గరికి వచ్చాడు. నేను వేరే బండి మీద మిషన్ తిప్పుతున్నాను. ఆయన బానెట్ చూపించి, “గీ గీతలన్ని తియ్యి తమ్మీ” అన్నాడు. వెనక్కి వెళ్లి డిక్కీ మీద వేలు పెట్టి ఇంకేదో అన్నాడు. మిషన్ రొదలో నాకు వినబడింది, “గా గీత మాత్రం మర్వకు” అని. నేను బొటనవేలు ఎత్తి చూపించాను. (మిషన్ ఆపి వింటే ఏం పోయేదని మీరు అడగొచ్చు. నేనూ చాలా ఏళ్లుగా నన్ను నేను అదే అడుగుతున్నాను.)

ఉస్తాద్ ఈసారి అరవలేదు, పక్కన కూర్చున్నాడు. “మీ బాపు మడికి నీళ్లు గట్టంగ సూసినవా? ఒక మడి తడిసినంకనే ఇంకో మడి. చేనంత ఒక్కపారి తడుపుతడా? మూరెడు జాగ తీస్కో, జర మెల్లగ నడిపి, తుడిసి, ఎండల సూసుకొని ముందుకు పో.” పొలంలో ఎక్కని పాఠం నాకు బానెట్ మీద ఎక్కింది. మూరెడు మూరెడు చొప్పున, మిషన్ మీద చెయ్యి ఆనీ ఆనకుండా, ప్రతి మడికీ మిషన్‌కు తగిలించే స్పాంజి మెత్తను దులిపి, ఉతికిన గుడ్డతో తుడిచి రెండు రోజులు వ్యవసాయం చేశాను. బయటికి నెట్టి చూస్తే ఒక్క సాలెగూడు లేదు! చివరికి డిక్కీ మిగిలింది. దాని మీద ఎవరో పిల్లలు పిన్నీసుతో గీకినట్టు వంకర గీతలు. అక్షరాలేమోనని ఒక క్షణం అనుమానం వచ్చింది గానీ, ‘మర్వకు’ అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. అవి మొండి గీతలు. నాలుగుసార్లు తిప్పితే గానీ పోలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక సారు, ఆయన బిడ్డ వచ్చారు. ఆయన బండి చుట్టూ తిరుగుతూ “శబాష్ తమ్మీ!” అన్నాడు. ఉస్తాద్ మొదటిసారి నన్ను మనిషిని చూసినట్టు చూశాడు. సారు డిక్కీ దగ్గరికి వెళ్లి ఆగాడు. వంగాడు. బొటనవేలితో రుద్దాడు.

“గీడ గీత ఉండె గద తమ్మీ?”

“తీసేసిన సార్! మీరు మర్వకు అన్నరని నాలుగు పార్లు తిప్పిన.”

“మర్వకు కాదురా, ముట్టకు అన్న... ప్రభువా!” అంటూ పాత టైర్ల మీద కూలబడ్డాడు. తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పాడు: “సెలవు మీద వచ్చినప్పుడు కొన్న గీ బండి. మల్ల దుబాయ్ పోయే దినం గీ పోరి పిన్నీసుతోని నన్ను పిలిచే పేరు రాసింది. ఆరేండ్లది, దీర్ఘం రాదు, ‘బపు’ అని రాసింది. కొత్త బండి ఖరాబ్ జేసిందని ఒక్కటి కొట్టిన. అది ఏడ్సుకుంట ఉండంగనే పోయిన. రెండేండ్లు ఆడ గదే యాదికొస్తుండె.”

అంతవరకు నా భయమంతా ఖానాపూర్ బస్సు గురించే. ఆ మాట విన్నాక ఆ బస్సే నయం అనిపించింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. జీవితంలో ఒక్క పని సరిగ్గా చేశాను, అదే చెయ్యకూడని పని.

ఆ అమ్మాయి మాత్రం చున్నీకి పెట్టుకున్న పిన్నీసు తీసింది. “గంత పరేషాన్ ఎందుకు బాపు? జరుగు, మల్ల రాస్త.” రెండు రోజుల నా చెమట మీద పిన్నీసు దిగుతుంటే నేనూ ఉస్తాదూ ఒకేసారి “అయ్యో!” అన్నాం. గుండ్రంగా, ముచ్చటగా ‘బాపు’ అని రాసింది. సారు చూసి తల అడ్డంగా ఊపాడు.

“గిది గాదు బిడ్డా. దీర్ఘం వెట్టినవ్.”

“బాపుకు దీర్ఘం ఉంటది గద!”

“నువ్వు రాసినదాంట్ల లేకుండె.” నా వైపు తిరిగాడు. “తమ్మీ, గా దీర్ఘం ఒక్కటి తియ్యి.”

మిషన్ మెత్తేమో సాసరంత, దీర్ఘమేమో గోరంత. ఉస్తాద్ ఉన్నవాటిలో చిన్న మెత్త వెతికి తగిలించి, మిగతా అక్షరాల మీద టేపు అంటించి, మిషన్ నా చేతికే ఇచ్చాడు. ఊపిరి బిగబట్టి, ఒత్తకుండా తిప్పాను. టేపు తీస్తే షెడ్డు నీడలో చక్కగా ‘బపు’. సారు కళ్లు మెరిశాయి. తీరా బయటికి నెడితే, ఎండలో ఆ దీర్ఘం మసకగా మళ్లీ లేచి నిలబడింది. నేను కళ్లు మూసుకున్నాను. ఖానాపూర్‌లో మా బాపు ముఖం కనబడింది.

సారు బండిని ఒకసారి నీడలోకి, ఒకసారి ఎండలోకి నెట్టించాడు. “నీడల ఉంటే చిన్నప్పటిది, ఎండలకొస్తే ఇప్పటిది,” అని బిడ్డ తల మీద చెయ్యి పెట్టాడు. “ఉండనియ్ తమ్మీ. ఇగ ముట్టకు.” ఈసారి స్పష్టంగా వినబడింది. వాళ్లు వెళ్లాక ఉస్తాద్ బస్టాండు మాట ఎత్తలేదు. “రేపు జల్ది రా,” అన్నాడంతే.

ఇప్పుడు నాకూ ఒక షెడ్డుంది. జమ్మికుంట నుంచి, మంథని నుంచి బళ్లు వస్తాయి, చెయ్యి మంచిదంటారు. ఎవరు మాట్లాడినా ముందు మిషన్ ఆపుతాను. ఆ నీలం కారు ఏడాదికోసారి నా దగ్గరికే వస్తుంది. అంతా నేనే చేస్తాను, డిక్కీని మాత్రం మెత్తటి గుడ్డతో తుడిచి వదిలేస్తాను. ఈనాటి చేత్తో ముట్టుకుంటే ఆ దీర్ఘం ఎండలో కూడా జాడ లేకుండా పోతుంది. అంత బాగా చెడగొట్టడం ఆ ఇరవై రెండేళ్ల వాడికే వచ్చు. నాకిప్పుడు చేతకాదు.