రెండు శనివారాలు

మా అక్కకు సినిమాలంటే పడదు, సీరియళ్లంటే తలనొప్పి. కానీ చేతికి టచ్ ఫోన్ వచ్చినప్పటి నుంచి ఆమెకు ఒక కొత్త పిచ్చి పట్టుకుంది. పసిఫిక్ సముద్రం నడుమ రారొటోంగ అని ఒక చిన్న దీవి ఉంది. అక్కడ ఒక ముసలమ్మ పీట మీద కూర్చుని కొబ్బరి తురుముతుంది, పూలు గుచ్చి నెత్తికి చుట్టుకుంటుంది, ఇంట్లోకి వచ్చిన కోళ్లను అదిలిస్తుంది. ఆ వీడియోలు ఎవరు తీస్తారో మాకు తెలియదు. మా అక్క మాత్రం మహబూబాబాద్‌లో బావ మిర్చి బస్తాల పక్కన కూర్చుని రోజూ వాటిని చూస్తుంది.

"సూడు తమ్మీ, గామె పీట మనదసొంటిదే. ఆమె మాట నాకు తెల్వది గని, కోళ్లను తిట్టేది మాత్రం మంచిగ సమజైతది" అంటుంది.

నేను భూపాలపల్లిలో ఉంటాను. చెల్పూర్ కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. కోపం ముక్కు మీద ఉంటుందని ఇంటా బయటా పేరు. ఆ పేరును నేను పెద్దగా చెడగొట్టుకోలేదు. అక్క దగ్గర మాత్రం ఆ కోపం ఎప్పుడూ చెల్లలేదు. మా అమ్మ పోయేనాటికి నాకు ఇంకా బడికి పోయే ఈడు రాలేదు. అక్క తొమ్మిదో తరగతి. బాపుకు జనగామలో కిరాణా దుకాణం, పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. అక్క బడి మానేసి పొయ్యి ముందు కూర్చుంది. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ఒకటే మాట అడిగిందట, తమ్ముడు నాతోపాటే వస్తడు అని. బావ మంచివాడు, సరే అన్నాడు. అట్లా పెళ్లికూతురి వెంట బట్టల పెట్టె, రాగి బిందె, నేను, ముగ్గురం కలిసి మహబూబాబాద్ చేరాం.

అక్కను ఆ దీవికి తీసుకుపోదామన్న ఆలోచన నాది కాదు, నా భార్యది. నేనైతే విశాఖపట్నంతో సరిపెట్టేవాణ్ని. సముద్రం ఏదైనా ఉప్పునీళ్లే కదా అన్నాను. "వదినె సూసేది గా సముద్రం. మీకు ఉప్పు కావాల్నంటే దుకాణంల దొరుకుతది" అన్నది ఆమె. ఆ మాటకు ఇప్పటికీ ఆమెకు నేను రుణపడి ఉన్నాను, ముఖం మీద మాత్రం చెప్పలేదు.

ప్లాంటులో మా యూనిట్ రిపేరు పనులు అయిపోగానే నాకు లీవు దొరుకుతుంది. అది దాటితే మళ్లీ ఎప్పుడో చెప్పలేం. బావను రమ్మంటే, మిర్చి ఘాటు లేని గాలి పీలిస్తే తనకు ఊపిరాడదని తప్పించుకున్నాడు. అక్కకు పాస్‌పోర్టు చేయించాం. ఫొటోలో నవ్వొద్దని చెప్తే, నవ్వాపుకోలేక ఆ ఫొటో తీసేవాడిని కూడా నవ్వించింది. హన్మకొండలో టికెట్లు చేసే ఆమె దారంతా కుదిర్చి పెట్టింది. హైదరాబాద్ నుంచి సింగపూర్, అక్కడి నుంచి ఆక్లండ్, ఆక్లండ్ నుంచి దీవి. ఆ దీవికి విమానాలు తక్కువ కాబట్టి నా లీవుకు సరిపడేది ఆ ఒక్క దారేనని చెప్పింది. దీవిలో ఉండేది వారం రోజులు.

అక్క సంబురం చూడాలి. సకినాలకు పిండి ఎంత పట్టించాలి, మామిడికాయ తొక్కు ఏ సీసాలో పెట్టాలి అని రోజూ ఫోన్. తొక్కు తీసుకపోనియ్యరక్కా, ఆ దేశాలల్ల తిండి సామాను మీద గట్టి తనిఖీ ఉంటది అని నేనంటే, "తొక్కు రుచి సూస్తే వాళ్లే తీస్కపొమ్మంటరు" అని ఆమె ధీమా.

టికెట్లు చేతికొచ్చాక వాటిని చూపించడానికి మహబూబాబాద్ పోయాను. తెలిసిన విషయం నా కడుపులో ఆగదు. అక్క ముందు చెంబు పెట్టి, ఇదే భూమి అనుకో అని మొదలుపెట్టాను.

"గీడ సముద్రం నడుమ ఒక గీత ఉంటదక్కా. కండ్లకు కనపడది. దాన్ని దాటి అటు పోతే నిన్నటి దినం మల్ల వస్తది. దాటి ఇటొస్తే ఒక దినం మాయమైతది. మనం వచ్చేటప్పుడు శుక్రవారం రాత్రి పన్నెండు గొట్టినంక ఇమానం ఎక్కుతం. నాలుగు గంటలల్ల దిగుతం. దిగేసరికి ఆదివారం! శనివారం హుష్‌కాకి."

నేను నవ్వుతున్నాను. అక్క నవ్వడం లేదు.

"శనివారమా?"

"అవు. అసలు శనివారమన్నదే ఉండది మనకు."

అక్క లేచి వంటింట్లోకి పోయింది. చాలాసేపటికి వచ్చి, "నేను రాను తమ్మీ. మీ ఇద్దరు పోయి రాండ్రి" అన్నది.

అక్క శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. పగలంతా ఏమీ ముట్టదు, దీపం పెట్టాక ఒక్క పూట తింటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. మా ఇండ్లల్లో శనివారం ఒక్కపొద్దు ఉండే ఆడవాళ్లు చాలామందే కాబట్టి అదొక విశేషమని నాకు ఎప్పుడూ తోచలేదు. అందుకే ఆ రోజు నాకు ఒళ్లు మండింది.

"ఒక్క శనివారం తప్పితే దేవుడేమన్న నిన్ను సస్పెండ్ చేస్తడా? ఇన్ని తిప్పలు పడి టికెట్లు చేయిస్తే గిదేంది?"

అక్క తల వంచుకుని చెంబును తీసి లోపల పెట్టింది. నేను అన్నం కూడా తినకుండా బయటికొచ్చేశాను.

బావ స్కూటర్ మీద నా వెనకే వచ్చి, ఎక్కు బామ్మర్దీ, బస్‌స్టాండుల దింపుత అన్నాడు. బస్‌స్టాండు రాకముందే స్కూటర్ పక్కకు ఆపాడు.

"నీకు చిన్నప్పుడు మెదడు జ్వరమొచ్చింది, యాదున్నదా?"

ఉంది, కానీ కొంచెమే. వరంగల్ దవాఖాన, తల దగ్గర వేలాడే సీసా, పాలలో ముంచిన రొట్టె.

"డాక్టర్లు చేతులెత్తేసిండ్రట. మీ అక్క జనగామల గుళ్లెకు ఉరికింది. నా తమ్ముడు లేస్తే బతికున్నన్నొద్దులు శనివారం ఒక్కపొద్దుంట, ఒక్కటి తప్పినా నా తమ్ముణ్ని నువ్వు తీస్కపో అని మొక్కింది. చిన్నపిల్ల గద, గట్టిగ మొక్కితే గట్టిగ పనైతదనుకున్నది. పెండ్లైన కొత్తల నాకు చెప్పింది. నీకు చెప్పద్దని ఒట్టు పెట్టుకున్నది. ఇయ్యాల ఒట్టు తప్పిన. ఏమన్నైతే నాకే కానీ."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని భూపాలపల్లి దాకా ఏడ్చాను. నా పెళ్లి శనివారం పూటే అయింది. బంతుల మధ్య అక్క గరిటె పట్టుకుని తిరుగుతుంటే, పనిలో పడి తినడం మరిచిపోయిందనుకున్నాను. ఈ ఊరికీ ఆ ఊరికీ తిరిగే బస్సుల్లో, షిఫ్టుల్లో, జ్వరాల్లో, ఆ బాయిలర్ దగ్గర పొగలో నేను క్షేమంగా తిరిగిన ప్రతి వారం వెనక ఒకామె ఆకలి ఉంది. దేవుణ్ని నేను అంతగా నమ్మను. ఆ ఆకలిని మాత్రం నమ్ముతాను.

ఇంటికి పోగానే నా భార్యకు చెప్పాను. ఆమె చెంగుతో కళ్లు తుడుచుకుని, టికెట్లు మార్చండి అన్నది. హన్మకొండ ఆమెకు ఫోన్ చేస్తే, వేరే రోజు విమానం ఉంది కానీ అది నా లీవు దాటిపోతుందని చెప్పింది. లీవు పెంచమని అడుగుదామనుకున్నాను. ఆ మాట తెలిసి అక్క ఫోన్‌లోనే కసురుకుంది. "నా మూలంగ నీ నౌకరికి మాట రావద్దు. ఫోన్లనే సూసుకుంట నేను" అన్నది. ఆ మాటకు నేను ఇంకా కుంగిపోయాను.

మరునాడు డ్యూటీలో కూర్చుని కూడా అదే ఆలోచన. పక్క కుర్చీలో పనిచేసే మా వాడు వచ్చే వారం మరదలి పెళ్లికి పోవడానికి ఈ రోజే డబుల్ డ్యూటీ చేస్తున్నాడు. మా ప్లాంటులో అదొక పద్ధతి. ముందే ఒక డ్యూటీ ఎక్కువ చేస్తే, ఆ తర్వాత ఒక రోజు ఆఫ్ మన హక్కు. ఎవరూ వేలెత్తి చూపరు. వాడు కునికిపాట్లు పడుతుంటే చూసి నవ్వుకుంటున్న నాకు ఒక్కసారిగా ఒకటి తట్టింది. వచ్చేటప్పుడు ఒక రోజు పోతుంది సరే, పోయేటప్పుడు వచ్చే రోజు ఏది?

ఫోన్‌లో టికెట్లు తీసి చూశాను. ఆక్లండ్‌లో శనివారం పొద్దున ఎక్కుతాం. దీవిలో దిగేసరికి శుక్రవారం మధ్యాహ్నం. పడుకుని లేస్తే మళ్లీ శనివారం! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఏమైంది, యూనిట్ ట్రిప్ అయి ఆగిపోయిందా అని మా వాడు ఉలిక్కిపడి లేచాడు.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను. "అక్కా, నీకు పోయేటప్పుడు రెండు శనివారాలు వస్తయి. రెండూ ఉండు. ముందే డబుల్ డ్యూటీ చేసినట్టు. వచ్చేటప్పుడు ఆఫ్."

"దేవుడేమన్న మీ ఇంజినీరా, ఆఫ్ మీద సంతకం వెట్టనీకె?" అన్నది అక్క. కానీ గొంతులో ఆశ వినిపించింది. చివరికి, మొక్కిన గుడిలోనే అడుగుదాం, అయ్యగారు సరే అంటే సరే అన్నది.

ఆ వచ్చిన శనివారం నేను భూపాలపల్లి నుంచి, అక్క మహబూబాబాద్ నుంచి జనగామ చేరుకున్నాం. గుడిలో అప్పటి అయ్యగారు లేరు, వాళ్ల కొడుకు ఉన్నారు. నేను గీత గురించి, విమానం గురించి చెప్తుంటే ఆయన కళ్లు మూసుకుని విన్నారు. అక్క చేతులు కట్టుకుని, కోర్టులో నిలబడ్డ మనిషిలా నిలబడింది.

"అమ్మా, మనకు దినం అంటే పొద్దు పొడిస్తే మొదలు. మీరు ఇమానం ఎక్కేది చీకట్ల. దిగినంక పొడిసే పొద్దు ఆదివారంది. పొద్దే పొడవని శనివారానికి ఒక్కపొద్దు ఏడిది? మొక్కు తప్పినట్టు కాదు. అయినా మీ మనసు ఊకోదంటే, పోయేటప్పుడు రెండు ఉంటున్నరు గద. స్వామికి ఎక్కువే ముడుతది" అన్నారాయన.

అక్క సాష్టాంగపడి మొక్కింది. లేచేటప్పుడు నేను చెయ్యి పట్టుకున్నాను.

అక్క తిరుగు రైలుకు ఇంకా టైముంది. స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నాం. మార్కెట్‌కు పత్తి తెచ్చి ఇళ్లకు పోయే రైతులు, హైదరాబాద్ నుంచి దిగినవాళ్లు, అంతా సందడిగా ఉంది. అక్క నా వైపు చూడకుండానే అడిగింది.

"మీ బావ చెప్పిండా?"

"చెప్పిండు."

"గందుకే గా మనిషికి ఏం చెప్పద్దు."

"నువ్వు నాకెందుకు చెప్పలేదక్కా?"

"తెలిస్తే మానుమంటవు. నీ మాట నేను కాదనలేను. గందుకే చెప్పలే."

ఇన్నేళ్లలో ఎన్నడూ అనని మాట అప్పుడు అనేశాను. "అక్కా, నువ్వు లేకుంటే నేను లేను."

"శనివారం పూట గసొంటి మాటలా!" అని నా నెత్తి మీద ఒకటి వేసింది. మా ఎదురుగా కూర్చున్న ఒకాయన నా నెరిసిన జుట్టు చూసి నవ్వాడు. నాకు సిగ్గనిపించలేదు.

"ఇగ ఒకటి చెప్త విను. ఇయ్యాల్టి నుంచి నేను గూడ నీతోపాటు ఒక్కపొద్దుంట. ఇన్నొద్దులు నువ్వొక్కదానివే ఉన్నవు."

అక్కకు కోపం రావడం నేను చాలా తక్కువ చూశాను. అప్పుడు వచ్చింది.

"నువ్వు ఉపాసముంటె నేను మొక్కింది దేనికిరా? నువ్వు లేశి కూసోని కడుపునిండ బువ్వ తినాల్నని గద మొక్కింది! గది సూసుడే నాకు కావాల్సింది. నేను నీతోని గా దీవికి వస్త. ఇమానంల నా పక్కన నువ్వే కూసోవాలె. నేను ఉపాసమున్న రెండు దినాలు నువ్వు నా ముంగట మంచిగ తినాలె. గట్లైతేనే వస్త."

"సరే" అన్నాను.

అక్క సంచిలోంచి టిఫిన్ గిన్నె తీసింది. పొద్దున్నే లేచి మహబూబాబాద్‌లో వండుకుని రైల్లో తెచ్చింది. అన్నం, పప్పు, నాకిష్టమని దోసకాయ తొక్కు. మూత ఒళ్లో పెట్టుకుని, అందులో అన్నం కలిపి నా చేతికిచ్చింది. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పొద్దుగూకడానికి ఇంకా చాలా టైముంది. నేను ఆమె వైపు తిరిగి కూర్చుని తిన్నాను. ఆమె కళ్లు నా చేతి మీదే ఉన్నాయి.

మూత ఖాళీ అవుతుంటే, "ఇంకింత పెట్టాల్నా?" అని అడిగింది.

నాకు కడుపు నిండిపోయింది.

"పెట్టక్కా" అన్నాను.