జంపయ్య గాయం కాగితానికెక్కిన కథ

కుంజా జంపయ్య పట్టాళంలో చేరడానికి కారణం ఒక దెబ్బ. ములకలపల్లి అవతల అడవి అంచున వాళ్ల గుంపు. పట్టుమని పాతిక ఇళ్లు లేవు. తల్లీ కొడుకులిద్దరూ వెదురు కాంట్రాక్టరు దగ్గర కూలికి పోయేవాళ్లు. ఒకనాడు మోపు వదులుగా కట్టిందని గుమాస్తా ఆమె వీపు మీద బొంగుతో కొట్టాడు. జంపయ్య ఆ బొంగే లాక్కుని గుమాస్తా దవడ విరగ్గొట్టాడు. ఇక ఊళ్లో ఉంటే పోలీసులు వస్తారని అప్పటికప్పుడే కొత్తగూడెం దాకా నడిచి, అక్కడి నుంచి ఖమ్మం చేరాడు. అక్కడ సైన్యంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారు. పరుగెత్తమన్నారు, పరుగెత్తాడు. ఛాతీ కొలిచారు. పేరు రాసుకుని రైలెక్కించారు. అది 1967.

నాలుగేళ్ల తర్వాత, డిసెంబరు చలిలో, జంపయ్య తూర్పు సరిహద్దు అవతల ఒక చెరువు గట్టు కింద బురదలో బోర్లా పడుకుని ఉన్నాడు. గట్టు మీద శత్రువుల బంకరు. తెల్లవారగానే లేచి దాని మీదికి ఉరకమన్నారు. పక్కన పరుగెత్తుతున్న మనిషి ముఖం సగం ఎగిరిపోవడం చూశాడు. ఆగలేదు. బంకరులో దూకేసరికి ఎదురుగా ఒకడు తుపాకీలో గుళ్లు నింపుకుంటున్నాడు. ఇంకా మీసం కూడా సరిగా రాలేదు. జంపయ్య తుపాకీ కొసనున్న కత్తి వాడి డొక్కలో దిగింది. వాడు రెండు చేతులా ఆ కత్తినే పట్టుకున్నాడు, లాగితే రాదు. కాలితో తన్ని లాగాల్సి వచ్చింది. లాగుతుండగానే వెనక మూల నుంచి ఎవరో కాల్చారు. తూటా మెడ ఎముక కింద దూరి, భుజం రెక్కలో ఇరుక్కుంది.

అతన్ని గట్టు మీది నుంచి ఈడ్చుకొచ్చినవాడు సమ్మయ్య. ఏటూరునాగారం వైపు మనిషి, ఒకే ప్లటూను. తమ బండి దొరక్క, దారిన పోతున్న వేరే పటాలం అంబులెన్సు ఎక్కించాడు. అక్కడే పొరపాటు జరిగింది. ఆసుపత్రి కాగితాలు ఆ పటాలం పేరు మీదే ఉండిపోయాయి. జంపయ్య సొంత రికార్డుకు గాయం కబురే చేరలేదు. గాయం మాని తిరిగి డ్యూటీలో చేరాడు. 1974లో తల్లి మంచం పట్టిందని తెలిసి, యుద్ధం పతకాలు ఇంకా పంచకముందే, పేరు కొట్టించుకుని ఇంటికొచ్చేశాడు. చేతికిచ్చిన డిశ్చార్జి బుక్కులో పతకాలు అన్నచోట ఒక గీత, గాయాలు అన్నచోట ఒక గీత ఉన్నాయి.

జంపయ్య ఆ గీతల గురించి ఆలోచించలేదు. తల్లిని మట్టి చేశాడు. ముత్తక్కను చేసుకున్నాడు. పోడు కొట్టి జొన్న చల్లాడు. ఎండాకాలం తునికాకు, వానాకాలం నాగలి. పుట్టిన ఇద్దరు పిల్లల్లో ఒకరిని జ్వరం తీసుకుపోయింది. పట్టాళం సంగతి అడిగితే రైలు గురించి, రొట్టెల గురించి చెప్పేవాడు. బంకరులో పోరగాడి సంగతి ముత్తక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

1986 ఎండాకాలంలో అడవి రోడ్డు మీద పోలీసు జీపు కింద నక్సలైట్లు పెట్టిన మందుపాతర పేలింది. ఆ దెబ్బకు పోయినవాళ్ల ముక్కలు చెట్ల కొమ్మల మీది నుంచి ఏరారు. మర్నాడు పోలీసులు గుంపుల మీద పడ్డారు. మగవాళ్లందరినీ చొక్కాలు విప్పించి వరుసగా నిలబెట్టారు. ఎస్సై ఒక్కొక్కరి భుజాలు చూసుకుంటూ వచ్చి జంపయ్య ముందు ఆగాడు. మెడ ఎముక కింద గుంట పడ్డ మచ్చలో వేలు పెట్టి నొక్కాడు.

"ఇది తూటా దెబ్బ. ఏ దళంల తిన్నవ్‌రా?"

"దళం కాదు సారూ. బంగ్లా లడాయిల తగిలింది. నేను మిలిటరీల చేసిన."

ముత్తక్క పరుగున పోయి అటక మీది బుక్కు తెచ్చింది. ఎస్సై పేజీలు తిప్పాడు. "గాయం లేదు. మెడల్ లేదు. లడాయి చేసినోనికి ఒక్క బిళ్లన్నా ఇయ్యరారా? ఎవని బుక్కు కొట్టుకొచ్చినవ్?" అని ఆ బుక్కుతోనే ముఖం మీద కొట్టాడు.

పోలీసు క్యాంపులో జంపయ్యను చేతులు వెనక్కి కట్టి దూలానికి వేలాడదీశారు. తూటా ఉన్న భుజం కీలు తప్పింది. కిందికి దించి, తొడల మీద రోకలిబండ పెట్టి ఇద్దరు ఎక్కి నిలబడి దొర్లించారు. దళంలో ఎవరెవరున్నారని అడుగుతూనే ఉన్నారు. కొంతసేపటికి జంపయ్యకు ఎక్కడున్నాడో తెలియలేదు. శత్రువు చేతికి చిక్కితే ఇంతకుమించి చెప్పొద్దని పట్టాళంలో నేర్పింది ఒక్కటే నోటికి వచ్చింది. నంబరు, హోదా, పేరు. హిందీలో, గొంతు చించుకుని, మళ్లీ మళ్లీ అదే అరిచాడు.

తలుపు దగ్గరున్న ముసలి హెడ్ కానిస్టేబులు ఒకప్పుడు తనూ సైన్యంలో చేసినవాడే. "సార్, దొంగ బుక్కు వాడు గిట్ల అరవడు. వీడు సిపాయే" అన్నాడు.

ఎస్సై వెంటనే వదల్లేదు. వదిలేటప్పుడు మాత్రం, "నువ్వు నిజంగ సిపాయివైతే గాయం రాసున్న కాయితం పట్రా. మల్ల వచ్చినప్పుడు ఈ మచ్చుండి కాయితం లేకపోతే, నిన్ను క్యాంపు దాంక తేను" అన్నాడు. ఆ మాటకు అర్థం ఆ అడవిలో అందరికీ తెలుసు.

నడవగలిగాక జంపయ్య ఖమ్మం పోయాడు. మాజీ సైనికుల ఆఫీసు వరండాలో బసవపున్నయ్య అనే రిటైరయిన సుబేదారు దరఖాస్తులు రాసిపెడుతుండేవాడు. ఎర్రుపాలెం దగ్గర పొలం ఉన్న మనిషి. ఊసుపోక రోజూ బస్సెక్కి వచ్చేవాడు. బుక్కు చూసి కోప్పడ్డాడు.

"పన్నెండేళ్లు ఏం చేశావయ్యా? నీకు మూడు పతకాలు రావాలి. యుద్ధానికి రెండు, గాయానికొకటి."

"పోడు కొట్టుకున్న సాబ్. రొమ్ము మీద బిళ్ల పెట్టుకుంటే జొన్న మొలుస్తదా?"

"మరిప్పుడెందుకు?"

"తోలు మీదున్నది కాయితం మీద లేదని సంపుతున్నరు సాబ్."

బసవపున్నయ్య దరఖాస్తు కాగితం ముందుకు లాక్కున్నాడు. జంపయ్యను దవాఖానాకు తీసుకుపోయి ఎక్స్‌రే తీయించాడు. భుజం రెక్కలో తూటా ముక్క తెల్లగా కనిపించింది. సమ్మయ్యకు కార్డు రాసి పిలిపించి, నోటరీ ముందు సాక్ష్యం రాయించాడు. బుక్కుతో సహా అన్నీ కలిపి రికార్డు ఆఫీసుకు పంపాడు. అక్కడి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. ఏ ఆసుపత్రి, ఏ తేదీ, ఏ అంబులెన్సు అని. ప్రశ్న వచ్చినప్పుడల్లా గోధుమరంగు సర్కారు కవరు గుంపుకు వచ్చేది. జంపయ్య అది పట్టుకుని ఖమ్మం బస్సెక్కేవాడు.

దాన్ని ఇంకొకరు కూడా చూస్తున్నారు. 1988లో వాగు ఒడ్డున అన్నం తింటున్న దళాన్ని పోలీసులు చుట్టుముట్టి కాల్చేశారు. ఎవరో చెబితే తప్ప ఆ చోటు దొరకదు. వారం తిరగకముందే అన్నలు వచ్చి జంపయ్యను అడవిలోకి తోలుకుపోయారు.

మద్దిచెట్టుకు కట్టి, ఇంట్లో దొరికిన కవర్లన్నీ ముందు పరిచి, "సర్కారు నీకెందుకు ఇన్ని జాబులు రాస్తున్నది?" అని అడిగాడు దళం నాయకుడు.

"నా గాయం గురించి అన్నా."

"క్యాంపుకు పోయినోడు పానంతో ఎట్లొచ్చిండు?"

దానికి జంపయ్య చెప్పింది ఎవరూ నమ్మలేదు. కర్రలతో కొట్టారు. కుడిచెయ్యి బండ మీద పెట్టించి, జాబులు అందుకున్న చెయ్యి ఇదేనా అంటూ తుపాకీ మడమతో పొడిచారు. రెండు వేళ్లు నుజ్జయ్యాయి. ఆ అరుపు విని, వెనకే నడిచి వచ్చిన ముత్తక్క అడ్డం వచ్చినవాళ్లను తోసుకుంటూ లోపలికి చొచ్చుకొచ్చింది. మొగుడి చొక్కా పట్టుకుని బర్రున చింపేసింది.

"పోలీసోళ్లు ఈ మచ్చ జూసి కొట్టిండ్రు. మీరు ఈ కాయితాలు జూసి కొడుతున్నరు. మచ్చ కోసెయ్యాల్నా, కాయితాలు కాల్చెయ్యాల్నా? ఏది జేస్తే బతకనిస్తరో చెప్పుండ్రి!"

దళంలో కాలేజీ చదువు వదిలి వచ్చిన ఒకతను ఒక ఇంగ్లీషు జాబు తీసి, కూడబలుక్కుని చదివాడు. "మెడల్ సంగతే అన్నా. వేరే ఏం లేదు" అన్నాడు. నాయకుడు ఆ జాబు లాక్కుని తనూ తిప్పి చూశాడు. చివరికి కట్లు విప్పించాడు. కాగితాలు మాత్రం అక్కడే కాల్పించాడు. "సర్కారు బిళ్ల కోసం తిరగకు. ఇంకోసారి ఖమ్మం బస్సెక్కితే అడగం" అన్నాడు.

"ఇంగ ఒద్దు. ఇడిసిపెట్టు" అని ముత్తక్క ఆ వానాకాలమంతా బతిమాలింది. జంపయ్యకూ భయమే. ఎటు పోయినా చావే అయినప్పుడు, తను చేసింది చేసినట్టు రాయించుకునే చస్తానన్నాడు. బస్సెక్కకుండా అడవి దారిన అశ్వారావుపేట దాకా నడిచి, అక్కడ లారీ పట్టుకుని ఖమ్మం పోయేవాడు. సమ్మయ్య మళ్లీ వచ్చి సాక్ష్యం రాసిచ్చాడు. జంపయ్య గుంపుకు జాబులు పంపొద్దని, తన ఊరికే పంపమని బసవపున్నయ్య రాశాడు.

1990 చలికాలంలో బుక్కు తిరిగొచ్చింది. గీతలున్నచోట ఎర్రసిరాతో మూడు పతకాల పేర్లు, గాయం తారీఖు, కింద ముద్ర. చిన్న అట్టపెట్టెలో పతకాలు. జంపయ్య ఖమ్మం ఆఫీసు వరండాలో బసవపున్నయ్య చేత గాయం తారీఖు చదివించుకుని విన్నాడు. ముఖం పోయిన ఆ పక్కవాడి పేరు అప్పుడు గుర్తొచ్చి, వరండాలోనే కూలబడి ఏడ్చాడు.

మరుసటి ఏడు పోలీసులు మళ్లీ వచ్చారు. ఎస్సై కొత్తవాడు. మళ్లీ చొక్కాలు విప్పించారు. జంపయ్య బుక్కు చూపించాడు. ఎస్సై చదివి, మచ్చ చూసి, "నువ్వు పక్కకు జరుగు" అన్నాడు. అంతే. ఇన్నేళ్ల తిరుగుడూ ఆ ఒక్క మాటకే. కానీ వరుసలో తర్వాత నిలబడ్డది ముత్తక్క తమ్ముడు బొజ్జయ్య. ఇప్పపువ్వు ఏరబోయినప్పుడు ఎలుగుబంటి చీరేసిన గాటు అతని వీపు మీద అడ్డంగా ఉంది.

"ఇదేంది?"

"ఎలుగు, సారూ."

"కాయితం ఉందా?" అని కానిస్టేబులు నవ్వాడు. బొజ్జయ్యను జీపులో పడేశారు.

జంపయ్య ఇంట్లోకి పోయి పతకాలు చొక్కాకు పెట్టుకున్నాడు. పెట్టెలోంచి తీయడం అదే మొదటిసారి. జీపు దుమ్ము వెంట నడిచి క్యాంపు గేటు ముందు నిలబడ్డాడు. పొమ్మన్నారు. పోలేదు. సెంట్రీ తుపాకీ మడమతో మూతి మీద కొట్టాడు. రెండు పళ్లు ఊడాయి. లేచి మళ్లీ అక్కడే నిలబడ్డాడు. లోపలి నుంచి బొజ్జయ్య కేకలు వినిపిస్తూనే ఉన్నాయి. చెవులు మూసుకోలేదు. చొక్కా ముందుభాగమంతా నెత్తురు కారి పతకాల రిబ్బన్ల రంగు తెలియకుండా పోయింది.

ఎస్సై బయటికొచ్చాడు. "నిన్ను వదిలినంగద. ఇంకేం గావాలె?"

"ఎలుగు కాయితం రాసియ్యది సారూ," అన్నాడు జంపయ్య. పళ్లూడిన నోట్లోంచి మాట సరిగా రాలేదు. "నాకు సర్కారు రాసిచ్చింది. వానికి నేనే సాచ్చెం. వాన్ని సంపితే నన్నుగూడ సంపాలె. నా నంబరు ఢిల్లీల రాసున్నది. ఏమైందని అడుగుతరు."

ఢిల్లీలో ఎవరూ అడగరని జంపయ్యకు తెలుసు. ఎస్సైకి తెలియదు. లేదా ఆ నెత్తుటి పతకాల మనిషిని గేటు ముందు చూసి నాలుగూళ్ల జనం పోగవడం అతనికి నచ్చలేదేమో. మర్నాడు మధ్యాహ్నం బొజ్జయ్యను గేటు బయట పడేశారు. బతికే ఉన్నాడు. కాళ్లు మాత్రం నిలబడలేదు. జంపయ్య అతన్ని వీపున వేసుకుని వాగు దాటించాడు.

దారిలో బొజ్జయ్య, "బావా, ఎవరి పేరూ చెప్పలే" అన్నాడు.

"ఇన్న," అన్నాడు జంపయ్య.

బొజ్జయ్య మళ్లీ సరిగా నడవలేదు. తొలకరి పడ్డాక రెండు చేలూ జంపయ్యే దున్నాడు. మూడు వేళ్ల చేత్తో మేడి పట్టుకుని ముందు బొజ్జయ్య చేను, ఆ తర్వాత తనది. బొజ్జయ్య గట్టు మీద కూర్చుని ఎడ్లను అదిలించేవాడు.