మంద దారి కొలత

ఆత్మకూరు పొలిమేరలో నాకున్న ఎకరా ముప్పై సెంట్ల చేనుకు పోయిన నెలలో రీసర్వే జరిగింది. తల మీద డ్రోన్ రొద చేస్తూ ఎగిరి వెళ్ళింది. ఆ తరువాత కొత్తగా ఉద్యోగంలో చేరిన సర్వేయరమ్మాయి ఒక పొడవాటి పరికరాన్ని నాలుగు మూలలా నిలిపి, హద్దులు సరిపోయాయి, సంతకం పెట్టమన్నది. నేను పెట్టలేదు. ఆ పరికరాన్ని ఈ ఉదయం దేనితో సరిచూశారని అడిగాను. "శాటిలైట్ చెప్పినాక ఇంకా అనుమానం ఏంది తాతా? నీ చేను ఎవురూ ఎత్తకపోరులే" అని నవ్వింది. మరునాడు కొలత ముందే తెలిసిన పాత సర్వే రాయి దగ్గర మళ్ళీ నిలిపి చూపించిన తరువాతే సంతకం చేశాను. గొలుసుతో భూమిని కొలిచిన కాలం వాళ్ళకు నా సంకోచం అర్థమవుతుంది. ఏది అనుమానించాలో, ఏది నమ్మాలో నాకు తెలిసింది దుత్తలూరు మెట్టల్లోని ఒక మేత బీడు దగ్గర, అదీ ఆలస్యంగా.

సర్వేయరు ఉద్యోగంలో అది నా రెండవ ఏడు. ఆ బీడు అక్కడి పల్లెకు ఊరుమ్మడి మేత పోరంబోకు. దాని దిగువన ఒక ఆసామి పట్టా చేను, ఆ చేనుకూ వంక గట్టుకూ మధ్య ఏడడుగుల వెడల్పున పోరంబోకు దారి. బీడులో మేసిన గొర్రెలు వంకలోని మడుగుకు దిగాలంటే అదొక్కటే తోవ, ఎందుకంటే మిగతా చోట్ల గట్టు అవతల నీరు కోసిన నిలువెత్తు దరి. తొలకరి పడగానే ఊరివాళ్ళు బీడులో సగం మూసేవారు. మూయడమంటే కంచె కాదు, వేపమండలు కట్టిన నాలుగు కర్రలు పాతడమే. గడ్డి విత్తనం రాలేదాకా ఆ కర్రలు దాటి ఎవరి పశువూ అడుగు పెట్టేది కాదు. మరుసటి ఏడు రెండవ సగం మూసేవారు. కోతలయ్యాక ఆసామి తన సొంత చేనును తెరిచిపెడితే, ఊరిలోకెల్లా పెద్ద మంద ఉన్న ఒక అవ్వ తన గొర్రెలను తెచ్చి అందులో కట్టేది. ఎరువు ఆయన నేలకు, పైరు కోసిన కొయ్యకాళ్ళూ రాలిన ఆకూ ఆమె మందకు. ఇదేదీ ఏ రికార్డులోనూ లేదు కనుక నేనూ దానిని లెక్కలోకి తీసుకోలేదు.

ఆ ఏడు వంక పొంగి, చేనుకూ దారికీ మధ్య ఉన్న హద్దురాళ్ళు రెండూ కొట్టుకుపోయాయి. రాళ్ళు మళ్ళీ చూపించమని ఆసామి అర్జీ పెట్టుకున్నాడు. నేను గొలుసు తీసుకొని వెళ్ళేసరికి నా మనసులో అందరూ ముద్దాయిలే. వరద రెండు రాళ్ళనూ ఎట్లా తీసుకుపోతుంది, ఎవరో పెకలించి ఉంటారు అనుకున్నాను. ఆసామి మజ్జిగ పంపిస్తే, అది మర్యాదా ఎరా అని తేల్చుకోలేక, ఎండలో నోరెండిపోతున్నా ముట్టుకోలేదు. దారి వెడల్పు ఎంతని అవ్వను అడిగితే, "ఇద్దురు మనుషులు సంకన చెరొక గొర్రెపిల్లను పెట్టుకోని ఎదురుబొదురు పొయ్యే దారి నాయనా. నీ గొలుసుకు ఇంతకన్నా తెలుసునా?" అన్నది. లాభం ఉన్న సాక్షి మాట అని పుస్తకంలో ఎక్కించలేదు.

నాకు గొలుసు పట్టే ఆయన ఉదయగిరివాడు, నాకన్నా ఇరవయ్యేళ్ళు పెద్ద, నేను మామా అని పిలిచేవాణ్ణి. పని మొదలుపెట్టే ముందు ఆయన గొలుసును అరచేతిలో ఆడించి, "అబ్బయా, కడియాలు అరిగి వదులైనట్టుండాది. ఆపీసులో రాళ్ళ మధ్య ఒక తూరి పరిచి చూసి వస్తే మేలు" అన్నాడు. ఆయన బావమరిదికి ఉదయగిరిలో మాంసం కొట్టు ఉందనీ, ఆ కొట్టుకు గొర్రెలు ఈ అవ్వ మందలోనుంచే వస్తాయనీ నాకు తెలుసు. అందుచేత ఆ మాట వెనుక ఉన్నది గొలుసు కాదు, గొర్రెలు అనుకున్నాను. చేనుకు అవతలి అంచున, వరద తాకని కూడలి రాయి వరస నుంచి వంక వైపుగా, పటంలో ఉన్న ప్రకారం, పై కొసనా కింది కొసనా పదకొండేసి గొలుసులు లాగించి, రెండు కొత్త రాళ్ళు పాతించాను. ఏడడుగుల దారిలో అడుగున్నర మిగిలింది. అవ్వ ఆ సందులో నిలబడి, "నేను పోవచ్చు. మంద యాడ పోవాల?" అన్నది. పటం ప్రకారమే వేశానని చెప్పి వచ్చేశాను. వారం తిరగకముందే ఆసామి ఆ రాళ్ళ వెంబడి ముళ్ళకంచె వేశాడు. అవ్వ మంద నీళ్ళకోసం రెండు మైళ్ళు చుట్టి పోవలసివచ్చింది.

ఆ తరువాత నేను చేసిన పని న్యాయబుద్ధితో చేశానని చెప్పుకోలేను. మామ మాట అబద్ధమని ఆయనకే రుజువు చేయాలన్న పంతంతో, ఆత్మకూరు ఆఫీసు ఆవరణలో అరవై ఆరు అడుగుల దూరాన పాతిన రెండు కొలతరాళ్ళ మధ్య ఆ గొలుసును పరిచాను. గొలుసు సాగి ఆరు అంగుళాలు ఎక్కువ ఉంది. గొలుసుకు ఆరంగుళాల చొప్పున పదకొండు గొలుసులకు అయిదున్నర అడుగులు. సరిగ్గా అంత దారి ఆసామి చేనులో కలిసిపోయింది. మామ గొలుసు చుట్టి భుజాన వేసుకున్నాడు. అందరినీ అనుమానించిన నేను నా చేతిలోని ఇనుమును మాత్రం నమ్మాను.

తప్పు జరిగిందని పై అధికారికి రాసిచ్చి, కొత్త గొలుసుతో వెళ్ళి, ఊరివాళ్ళందరి ముందు ఆ మాటే చెప్పి, రాళ్ళు చేను వైపుకు అయిదున్నర అడుగులు వెనక్కు వేశాను. అంతటితో సర్దుకుంటుందనుకున్నాను. ఆసామి చేతులు కట్టుకొని, "అప్పుడూ సార్ కొలతే నిజం, ఇప్పుడూ సార్ కొలతే నిజం. మంచిది సార్" అన్నాడు. అవ్వయినా సంతోషిస్తుందని ఆమె వంక చూశాను. ఆమె రాయిని కాలితో తట్టి, "మొన్న ఆయన జరిపించినాడని నేనంటిని. ఈ పొద్దు నేను జరిపించినానని ఊరంటాది. ఒక తూరి నడిచిన రాయి మళ్ళా నడవదని ఏంది నమ్మకం?" అన్నది.

దారి తెరుచుకుంది గాని ఆ ఏడు కోతల తరువాత చేను తెరుచుకోలేదు. ఆమె మందను తోలుకు రాలేదు, ఆయన పిలవలేదు. పై ఏడు తొలకరికి వేపమండల కర్రలైతే పాతారు గాని, అవ్వ గొర్రెలను ముందుగా వదులుతుందేమోనని ఆసామి, ఆసామి ఎద్దులను వదులుతాడేమోనని అవ్వ, వాళ్ళిద్దరినీ చూసి తక్కిన ఊరు, గడ్డి వెన్ను తీయకముందే మేపేశారు. రెండు మూడేళ్ళు అట్లాగే గడిచాక ఆ కర్రలు పాతేవాళ్ళు కూడా లేకపోయారు. అప్పటికి నాకు కలువాయి వైపు బదిలీ అయింది.

మొన్నామధ్య ఒక పెళ్ళికి పోతూ ఆ పల్లె దగ్గర బస్సు దిగి చూసి వచ్చాను. బీడు నిండా కంకర తేలి, అక్కడక్కడ తంగేడు పొదలున్నాయి. ఒకప్పుడు ఎవరి నేల ఎవరిదో తెలిసి కూడా, ఏ కాలంలో ఎవరు దాటవచ్చునో మాటతో నడుపుకున్న ఊరది. ఇప్పుడు చేనుకు ఇనుప కంచె, బీడుకు ప్రభుత్వ బోర్డు ఉన్నాయి. అలవాటు కొద్దీ కూడలి రాయి నుంచి అడుగులు వేసి చూశాను. నేను రెండోసారి పాతించిన రాళ్ళు అడుగు తప్పకుండా అక్కడే ఉన్నాయి. వాటికి అవతలా ఇవతలా మేతకు గడ్డి మాత్రం లేదు.