ఒత్తుల బాబాయి ఆడిన అబద్ధం

కొంప మునిగినా ఒత్తుల బాబాయికి చీమ కుట్టినట్టుండదు గానీ, ఒక్క ఒత్తు ఉండకూడనిచోట కనబడితే ప్రాణం విలవిల్లాడిపోతుంది. పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే ఆయనకు ఆ పేరు ఎవరు పెట్టారో కొత్తమ్మాయికి తెలియదు. సరిగ్గానే పెట్టారని మాత్రం ఉద్యోగంలో చేరిన రోజే తెలిసింది.

ఆమె దరఖాస్తు చేతిలోకి తీసుకుని, అందులో 'విధ్య' అని ఉండటం చూసి, "విద్యలో దకు ఒత్తెందుకమ్మా? కూర్చో, చెప్తాను" అన్నారు. పాపం, తెలియక కూర్చుంది. లేచేసరికి భోజనాల వేళ దాటిపోయింది.

'కూర్చో, చెప్తాను' అనగానే ఆఫీసులో ఒకరికి ఫోనొచ్చేది, ఇంకొకరికి దగ్గొచ్చేది. యజమాని కూడా ఒకసారి కూర్చుని రైలు అందుకోలేకపోయారు. అప్పట్నుంచి బాబాయి గది కిటికీ ముందు ఆయన వంగి నడుస్తారు.

కడుపునొప్పితో బాబాయిని ఆసుపత్రిలో చేర్చినప్పుడైతే మరీ విడ్డూరం. గోడ మీద 'నిశ్శబ్ధం' అన్న బోర్డు చూసి, "దకు ఒత్తు లేదయ్యా!" అని వార్డు దద్దరిల్లేలా అరిచారట. నర్సు ఆ బోర్డు దించేదాకా మందు మింగలేదట.

అలాంటి మనిషి దిద్ది ఇంటికెళ్లిపోయాక, ఒక సాయంత్రం కొత్తమ్మాయి మొదటి పేజీలో ఒక శీర్షిక మార్చింది. యజమాని పేరుతో వస్తున్న పిలుపు అది. 'నీటిని వృధా చేయకండి' అని పొద్దున్నే ఊరంతా చదివింది. 'వృథా' అని రాయడం రానివాడు మాకు నీతులు చెప్తాడా అని స్నేహితులు ఫోన్ చేసి మరీ నవ్వారు.

యజమాని నిప్పు తొక్కిన కోతిలా వచ్చారు.

"ఎవరు రాశారిది? ఇవాళే ఇంటికి పంపించేస్తా!"

కొత్తమ్మాయి ఈ ఉద్యోగం కోసం ఇంటిల్లిపాదితో పోట్లాడి వచ్చింది. అది ఇంకా ఖాయం కూడా కాలేదు. తప్పు ఒప్పుకుందామని లేవబోతుంటే బాబాయి అడ్డొచ్చారు.

"నేనేనండీ. అయినా తప్పెక్కడుంది? అదీ ఒప్పే."

"ఒప్పా?"

"అసలు ఈ మాట పుట్టుక దగ్గర్నుంచి రావాలి. థకీ ధకీ చుట్టరికం తేల్చాలి. కూర్చోండి, చెప్తాను" అంటూ కుర్చీ లాగారు.

యజమాని కుర్చీ వంక చూశారు, గడియారం వంక చూశారు. "ఒప్పయితే ఒప్పేలెండి, నాకవతల పనుంది" అని రెండేసి మెట్లు దూకుతూ దిగిపోయారు.

అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "బాబాయ్, నిజంగా అది ఒప్పేనా?"

"ఒప్పా? పరమ తప్పు! ఇంకోసారి రాశావంటే నీ ఉద్యోగం నిలుస్తుందేమో గానీ నేను నిలవనమ్మా."

ఆమెకు ఏడుపు కాస్తా నవ్వయింది. బాబాయి మాత్రం నవ్వలేదు. ఖాళీ కుర్చీలో తానే కూలబడి, చెమట తుడుచుకుంటూ అన్నారు.

"ఆయన గనక కూర్చునుంటే ఏం చెప్పేవాణ్ణే తల్లీ!"