హారతి వేళ పెట్రోలు పైపు

ఆ రోజుల్లో నేను ఇంజినీరునన్న నమ్మకం మా ఆఫీసువాళ్ళకన్నా మా అత్తకే ఎక్కువ. కలకత్తా సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి కార్ల గురించి ఏం తెలుస్తుందని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు (ఆదివారం భోజనాలు అక్కడే కదా!). అందుకే విశ్వకర్మ పూజనాడు పొద్దున్నే ఖిదిర్‌పూర్‌లో మావయ్య పాత కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఇంజనుకి పెట్రోలు తీసుకెళ్ళే రబ్బరు పైపు పగిలిపోయింది. "పూజయేళకి స్టార్టవకపోతే రేపే తుక్కోడికిచ్చేస్తాను" అని అత్త తేల్చి చెప్పేసింది. ఆ కారంటే ప్రాణం పెట్టే మావయ్య ముఖంలో నెత్తురుచుక్క లేదు.

మెకానిక్కేమో "ఆజ్ హోబే నా, దాదా" అని, ఇవాళ కుదరదంటూ దణ్ణం పెట్టేశాడు. ఆ రోజు ఈ ఊళ్ళో పనిముట్లన్నీ దేవుడి ముందుంటాయి, ఎవరూ ముట్టరు. అత్తావాళ్ళింటి స్క్రూడ్రైవరు కూడా బొట్టు పెట్టించుకుని దర్జాగా కూర్చుంది. నేను తెచ్చిన కొత్త పైపు చూస్తే వదులు, క్లిప్పు బిగిద్దామంటే చేతిలో ఏమీ లేదు. మునిసిపాలిటీలో మంచినీటి పైపులు వేసే మావయ్య గుప్పెడు జనపనార అందించాడు.

"సుట్టెయ్‌రా. తడిస్తే ఉబ్బుద్ది, సుక్క కారదు. పైపు పైపే, ఏటి తేడా?"

నాకూ నిజమేననిపించింది (నా చదువు అలా ఏడ్చింది). చుట్టాను. మావయ్య తాళం తిప్పాడు, ఇంజను గర్రుమంది, ఆయన ఆనందం పట్టలేక ఈల వేశాడు.

ఈల విని అత్త హారతి పళ్ళెంతో వచ్చేసింది. నేనింకా కారు కిందే ఉన్నానని ఆవిడకి తెలియదు. నా గుండెల మీద చల్లగా ఏదో కారుతోంది. నీళ్ళకి ఉబ్బే నార పెట్రోలుకి ఉబ్బదని చొక్కా తడిశాక తెలిసింది! తల తిప్పితే అత్త పాదాలు, నేలమీద గుండ్రంగా తిరుగుతున్న కర్పూరం వెలుగు. గట్టిగా అరిచాను.

"అత్తా, ఆర్పెయ్! పెట్రోలు!"

"హారతి ఆర్పమంటాడేటీ, అప్రాచ్యుడు!"

మావయ్య మాత్రం విన్నాడు. ఇంజను ఆపి, ఒక్క గెంతు గెంతి, పళ్ళెం లాక్కుని వీధిలోకి పరుగెత్తాడు. అక్కడ పక్కింటివాళ్ళు హారతి కళ్ళకద్దుకోవడానికి దారికడ్డంగా నిలబడ్డారు. పాపం, అందరికీ ఇచ్చి మరీ పరుగెత్తాడు.

నేను పాక్కుంటూ బయటికొచ్చాను. అత్త నా చొక్కా వాసన చూసి నేలమీద కూలబడింది. "ఓరి నాయనో, నిన్నేటి సేసేద్దునురా!" అంటూ ఏడుస్తూనే నా వీపు మీద నాలుగు బాదింది. మర్నాడు తుక్కువాడు కారు తోసుకుపోతుంటే మావయ్య కూడా వెనక ఓ చెయ్యి వేశాడు.

ఇప్పుడు న్యూ టౌన్‌లో నాకూ కారుంది, అందులో పెట్రోలు పైపు ఎక్కడుందో చూపించమంటే నావల్ల కాదు. ఏటా పూజనాడు అత్త ఫోను చేస్తుంది: "హారతిచ్చేముందు కిందోపాలి సూడరా." పార్కింగులో జనం నవ్వుతున్నా వంగి చూస్తాను. తడిచొక్కాతో ఆ వెర్రి ఇంజినీరు అక్కడే పడుకుని ఉన్నట్టుంటుంది. ఇక బయటికి రారా బాబూ, అనాలనిపిస్తుంది.