కళావతి బిగించిన రెండో బ్యాటరీ

దంతాలపల్లి దగ్గరి తండాలో పుట్టిన కళావతి, హైదరాబాద్‌లో పైలట్లను తయారుచేసే ఒక సంస్థలో విమానాల కరెంటు పని చూసేది. నాలుగేండ్ల కొలువులో ఒక్కసారి కూడా గాల్లోకి ఎగరలేదు.

2011, సకల జనుల సమ్మె రోజులు. బస్సులు బందు, రైళ్లు బందు. ప్రైవేటు కొలువాయె, నడిచే వచ్చి రెండు సీట్ల విమానంలో రెండో బ్యాటరీ బిగించింది. ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఆగి, పెద్ద బ్యాటరీ కూడా మొండికేస్తే, పైలట్ ముందరి తెరా, రేడియో దీనిమీద అరగంట నడవాలి.

"దీన్ని గాల్లో పరీక్షించాలి. బిగించినవాళ్లే పక్కనుంటే నాకూ ధైర్యం. రండమ్మా," అన్నాడు గుడివాడ వైపు నుంచి వచ్చిన కెప్టెన్ జగపతి.

"నిజంగనా సార్!" ఒక్క దూకులో ఎక్కి కూర్చుంది.

జనగామ దాటాక మబ్బు కమ్మింది. ఎటు చూసినా తెలుపే. ఇంతలో ఎర్రలైటు వెలిగింది.

"ఆల్టర్నేటర్ పోయింది. పర్లేదు, పెద్ద బ్యాటరీ..." జగపతి మాట పూర్తికాకముందే తెర నల్లబడింది. ఇంజన్ మోగుతూనే ఉంది గానీ, పైనేదో కిందేదో తెలియడం లేదు.

కళావతి చెయ్యి చాపి రెండో బ్యాటరీ స్విచ్చు లేపింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత తెర భగ్గున వెలిగింది! ఎడమ రెక్క ఎంత వంగిందో అందులో కనబడింది. జగపతి చప్పున సరిచేశాడు.

"ఇప్పుడేం ఆపాలి?"

"లైట్లు బందు చేయుండ్రి సార్. రెండో రేడియో గూడ."

ఆమె చెప్పినట్టే చేసి విమానాన్ని వెనక్కి తిప్పాడు. మబ్బు కిందికి దిగేసరికి జనగామ రోడ్డు కనబడింది. నడిరోడ్డు మీద పొయ్యిలు, పొగలు, బంతిలో కూసోని తింటున్న జనం. సమ్మెకారుల వంటావార్పు! పిల్లలు లేచి చేతులూపారు. కళావతికి ఒళ్లు పులకరించింది.

"జై తెలంగాణ!" అని గొంతెత్తి అరిచింది.

"అమ్మా, మైక్ నొక్కే ఉంది!"

వెంటనే సంస్థ రేడియో గదిలోని ఆసిఫ్ గొంతు: "జై తెలంగాణ అక్కా! రన్‌వే ఖాళీగనే ఉంది. జర జల్ది రాండ్రి."

రెండో బ్యాటరీ స్విచ్చు లేపిన ఇరవై ఆరో నిమిషంలో చక్రాలు నేలను తాకాయి. విప్పి చూస్తే పెద్ద బ్యాటరీ తీగ జాయింటు ఊడి ఉంది. ఆ నెలలోనే సంస్థలోని మిగతా విమానాలన్నిటికీ రెండో బ్యాటరీ బిగించమన్నారు. ప్రతిదాని పరీక్షకూ కళావతి పైలట్ పక్కన కూర్చుంది.

రైళ్లు నడిచాక తండాకు పోయి, యాడీ అని పిలుచుకునే తల్లి రాధాబాయికి అంతా చెప్పింది.

"భయం కాలేదా బిడ్డా?"

"భయపడేటందుకు టైమేది యాడీ? మల్ల ఎప్పుడు ఎక్కుదునా అని ఉన్నది!"